సంక్రాంతి సెలవుల్లో గోల్ఫ్ రిసార్టు, పిల్లలకు జింకలు, పక్షులు: అనంతపురం నుంచి నాలుగు రోజుల్లో ఎలా?

మీరు అడిగింది ఇదీ: సంక్రాంతికి మీ బావగారి కుటుంబం అమెరికా నుంచి వస్తోంది. ఆయనకు గోల్ఫ్ అంటే ప్రాణం. పిల్లలు జింకల్నీ పక్షుల్నీ చూడాలంటున్నారు. మీ నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. అనంతపురం నుంచి కారులో నాలుగు రోజులు. ఇవన్నీ ఒకే రిసార్టులో కుదిరే చోటు చెప్పమన్నారు, బైనాక్యులర్ కొనాలా అని కూడా అడిగారు.

నేను బెంగళూరులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ గోల్ఫ్ ఆడాను. అనంతపురం వచ్చేశాక తీరిక దొరికితే పక్షుల కోసం చెరువు కట్టల మీదా బీళ్ళ వెంటా తిరుగుతుంటాను. రెండిటి సంగతీ తెలుసు కాబట్టి గట్టిగా చెప్తున్నా, అన్నీ ఒకే చోట వెతకొద్దు. గోల్ఫ్‌కి రెండు రోజులు, జీవాలకి రెండు రోజులు విడగొట్టుకోండి. దీనికి కారణం దూరాలు కాదు, వేళ. గోల్ఫ్‌కి మంచి వేళ తెల్లవారగానే. ఎండ ఉండదు, గాలి ఉండదు, గ్రీన్ మీద, అంటే బంతి వేయాల్సిన గుంట చుట్టూ ఉండే పొట్టి గడ్డి మీద, మంచు తడి ఆరుతూ ఉంటుంది. జింకలు, నక్కలు, పక్షులు తిరిగేదీ సరిగ్గా అప్పుడే. పద్దెనిమిది హోల్స్ (గుంటలు), అంటే పూర్తి ఆట ఆడి రావడానికి నాలుగు గంటలకి పైగా పడుతుంది, స్నానం, టిఫిన్ అయ్యేసరికి పదకొండు. ఆ ఎండలో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళినా ఖాళీ గడ్డి తప్ప ఏమీ కనబడదు. ‘రిసార్టు పక్కనే వైల్డ్‌లైఫ్’ అని నమ్మి వెళ్ళినవాళ్ళు ఏమీ చూడలేదని నిరాశ పడేది ఎక్కువగా ఇందుకే.

గోల్ఫ్ సంగతి ముందు చూద్దాం. అనంతపురం నుంచి వెళ్ళేవాళ్ళకి నేరుగా పడేది నంది కొండల కింద, దేవనహళ్ళి వైపున్న ప్రెస్టీజ్ గోల్ఫ్‌షైర్. 18 హోల్స్ కోర్సు (ఆడే మైదానం), అందులోనే 2022లో తెరిచిన జేడబ్ల్యూ మారియట్ రిసార్టు. 44వ నంబరు హైవే మీద పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం మీదుగా మూడు గంటలు పెట్టుకోండి. బెంగళూరు ఊళ్ళోకి దిగాల్సిన పని లేదు, ట్రాఫిక్ టెన్షన్ ఉండదు. బెంగళూరుకి అవతల బిడది వైపు కూడా గోల్ఫ్ రిసార్టు ఉంది కానీ, మన వైపు నుంచి ఊరంతా దాటుకుని పోవాలి. నాలుగు రోజుల్లో అది దండగ.

గది బుక్ చేయగానే గోల్ఫ్ కూడా బుక్ అయిపోయిందనుకోకండి. టీ టైమ్, అంటే ఆట మొదలుపెట్టే వేళ, వేరుగా తీసుకోవాలి. ఫోన్ చేసినప్పుడు నాలుగు విషయాలు అడగండి: గ్రీన్ ఫీజులో (ఆడటానికి కట్టే రుసుము) క్యాడీ (క్లబ్బులు మోసే సహాయకుడు), బగ్గీ (కోర్సు మీద తిరిగే చిన్న బండి) కలిపి ఉన్నాయా, క్లబ్బులు (బంతి కొట్టే కర్రలు) అద్దెకిస్తారా, హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె) సర్టిఫికెట్ చూపించాలా, ఆ రోజుల్లో టోర్నమెంటు ఏదైనా ఉందా. టోర్నమెంటు ఉంటే కోర్సు ఉదయమంతా మూసేస్తారు, అది రిసార్టు రిసెప్షన్ వాళ్ళకి తెలియకపోవచ్చు. అందుకే గోల్ఫ్ ఆఫీసుతోనే మాట్లాడాలి. మీ బావగారు అమెరికాలో ఆడేవారైతే హ్యాండిక్యాప్ వివరం ఫోన్లో పెట్టుకుని రమ్మనండి. బూట్లు, గ్లవ్ తెచ్చుకుంటే చాలు, బ్యాగ్ మొత్తం విమానంలో మోసుకు రానక్కర్లేదు. కాలర్ ఉన్న టీ షర్టు తప్పనిసరి, జీన్స్‌తో కోర్సు మీదికి రానివ్వరు. చూడటానికి వెళ్ళే మీరు కూడా ఇది గుర్తుపెట్టుకోండి.

జనవరిలో అక్కడ పొగమంచు ఎక్కువ. ఆరున్నరకి టీ టైమ్ ఇచ్చినా, బంతి పడే చోటు కనబడేదాకా ఆపుతారు. అందుకని ఏడు, ఏడున్నర మధ్య అడగటం మేలు. మొదటి రోజు మధ్యాహ్నానికి చేరితే, రెండో రోజు ఉదయం పూర్తి పద్దెనిమిది, మూడో రోజు ఉదయం తొమ్మిది హోల్స్ సరిపోతాయి. విమానం దిగిన అలసటలో రెండు రోజులూ పద్దెనిమిది ఆడితే నాలుగో రోజుకి ఆయన వెనక సీట్లో నిద్రపోతారు. నడిస్తే పద్దెనిమిది హోల్స్‌కి ఏడెనిమిది కిలోమీటర్ల పైనే అవుతుంది.

పిల్లల్ని కోర్సు మీద నడిపిద్దామనుకోకండి. ఫెయిర్‌వే, అంటే బంతి కొట్టుకుంటూ పోయే పచ్చిక దారి, పార్కు కాదు. డ్రైవర్ అనే పొడవాటి క్లబ్బుతో కొట్టిన బంతి గంటకి రెండు వందల కిలోమీటర్ల వేగం దాటి పోతుంది, తలకి తగిలితే ప్రాణానికే ముప్పు. ‘ఫోర్!’ (బంతి వస్తోంది, జాగ్రత్త) అని ఎవరైనా అరిస్తే బంతి ఎటు వస్తుందోనని తలెత్తి చూడకూడదు, చేతులతో తల కప్పుకుని వంగిపోవాలి. ఈ ఒక్క ముక్క ఇంట్లో అందరికీ ముందే చెప్పండి. పిల్లలకి సరదా తీరాలంటే సాయంత్రం డ్రైవింగ్ రేంజ్‌కి (బంతి కొట్టడం సాధన చేసే చోటు) తీసుకెళ్ళండి. ఒక బుట్ట బంతులు, చిన్న క్లబ్బు, అరగంట నేర్పే కోచ్. బంతి ఒక్కసారి గాలిలోకి లేచిందంటే ఇక వాళ్ళు అక్కడి నుంచి కదలరు.

అలాగని కోర్సు మీద జీవమే ఉండదని కాదు. నీటి గుంటలు ఉంటాయి కాబట్టి కొంగలు, నీటికాకులు వస్తాయి, పొద్దున్నే నెమళ్ళు దిగుతాయి. నాకు ఎప్పుడూ ఇష్టమైనది తీతువు. గూడు కట్టదు. నేల మీద చిన్న గుంటలో, నాలుగు రాళ్ళ మధ్య మట్టిరంగు మచ్చల గుడ్లు పెడుతుంది. మనిషి అల్లంత దూరంలో ఉండగానే లేచి తల మీద గిరికీలు కొడుతూ అరుస్తుంది. అది గుడ్లు పెట్టేది ఎక్కువగా ఎండాకాలంలో. అప్పుడు కొన్ని కోర్సుల్లో క్యాడీలు గుడ్ల చుట్టూ చిన్న జెండాలు గుచ్చి, బంతి అక్కడ పడితే పక్కకి తీసి ఆడమంటారు. జనవరిలో మీకు గుడ్లు కనబడవు గానీ పక్షి మాత్రం తప్పకుండా కనబడుతుంది. ఎర్రటి తోలు కళ్ళ ముందు వేలాడుతూ, పొడవాటి పసుపు కాళ్ళతో. పిల్లలకి మొదటి పాఠం దానితోనే మొదలుపెట్టండి.

బావగారు ఆడుతున్న ఉదయం మిగతావాళ్ళు నంది కొండ ఎక్కొచ్చు. 1,478 మీటర్ల ఎత్తు, పైదాకా కారు వెళ్తుంది కాబట్టి నాన్నగారికీ ఇబ్బంది లేదు. శని, ఆదివారాలు, పండగ రోజు మాత్రం వద్దు. తెల్లవారకముందే కార్ల బారు కింద నుంచి నిలబడిపోతుంది. పైన చెట్లలో పసుపు గొంతు పికిలిపిట్ట ఉంటుంది. దక్షిణ భారతంలోని రాతిగుట్టల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని పక్షి అది, మన సీమ గుట్టల్లోనూ ఉంది. పక్షులు చూసేవాళ్ళు దేశం నలుమూలల నుంచి నందికి రావడానికి అదీ ఒక కారణం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పిల్లలకి చూపించాల్సినవి మన దగ్గరే ఉన్నాయి. వాటిని మనం బీడు భూములు, ముళ్ళ కంపలు అని పట్టించుకోకుండా దాటిపోతాం. పచ్చగా, దట్టంగా ఉంటేనే ప్రకృతి అనుకోవడం మనకి అలవాటైపోయింది. నీళ్ళు పోసి, తరచూ కోసే గోల్ఫ్ గడ్డి కంటికి ఎంత హాయిగా ఉన్నా, ఒక కృష్ణజింకకి కావాల్సింది అది కాదు. దానికి వాన పడితే మొలిచి, ఎండకి పసుపుగా మారే మన మెట్ట గడ్డి కావాలి, దూరంగా వచ్చే తోడేలు కనబడేంత బయలు కావాలి.

మూడో రోజు తొమ్మిది హోల్స్ అయ్యాక భోజనం చేసి బయల్దేరండి. బాగేపల్లి దాటి ఆంధ్రలోకి రాగానే చిలమత్తూరు మండలం, అందులో వీరాపురం. పాత అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. చలికాలం చివర్లో ఈ ఊరి చింతచెట్ల మీదికి ఎర్రకాళ్ళ కొంగలు వస్తాయి. అక్కడే గూళ్ళు కట్టి, పిల్లల్ని పెంచి, వానాకాలం మొదలయ్యే రోజులకి వెళ్ళిపోతాయి. పసుపు ముక్కు, నారింజ రంగు తల, తోక దగ్గర గులాబీ ఈకలు. ఇళ్ళ మధ్యే చెట్లు, చెట్ల నిండా గూళ్ళు. కింద నేలంతా రెట్టలతో తెల్లబడి ఉంటుంది, చేపల వాసన వస్తుంది. పెద్ద కొంగలకి గొంతు దాదాపు లేదు, జతకట్టేటప్పుడు ముక్కులు టకటకా కొట్టుకుంటాయి. ఆ చప్పుడు వీధిలోకి వినబడుతుంది. ఊరివాళ్ళు వాటిని ఆడపిల్లలు పుట్టింటికి వచ్చినట్టు చూసుకుంటారు. ఆ చెట్లు కొట్టరు, కొంగలకి హాని చేయనివ్వరు. అవి వస్తే వానలు బాగుంటాయని వాళ్ళ నమ్మకం.

చాలామంది వీటిని సైబీరియా కొంగలంటారు. కాదు. ఇవి మన దేశపు పక్షులే. ఒక చెరువు ఎండితే ఇంకో చెరువుకి, ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకి తిరుగుతాయి. మేత అంతా చెరువుల్లోని చేపలే. చుట్టుపక్కల చెరువుల్లో నీళ్ళు లేని ఏడాది కొంగలు తగ్గిపోతాయి. వీరాపురం కొంగల్ని కాపాడటమంటే చింతచెట్లని కాపాడటం ఒక్కటే కాదు, ఆ చెరువుల్ని కూడా కాపాడుకోవాలి. వీటి గురించి నాకు ఎప్పుడూ ఉండే దిగులు అదే.

మీరు వెళ్ళేది సంక్రాంతికి కాబట్టి అప్పటికి వచ్చినవి కొద్దిగానే ఉండొచ్చు. పుల్లలు మోసుకొస్తూ గూళ్ళు కట్టే సమయం అది. పిల్ల కొంగల్ని చూడాలంటే ఫిబ్రవరి, మార్చి దాటాలి. బయల్దేరే ముందు చిలమత్తూరు, హిందూపురం వైపు తెలిసినవాళ్ళని ఒకసారి కనుక్కోండి. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఉండండి, చెరువుల నుంచి గుంపులు గుంపులుగా తిరిగొస్తాయి. నాన్నగారు కారు దిగకుండా కిటికీలోంచే చూడొచ్చు. ఫొటో కోసం చప్పట్లు కొట్టి లేపకండి, డ్రోన్ ఎగరేయకండి. పెద్ద పక్షి గూడు వదిలి లేచిన కాసేపట్లోనే కాకి గుడ్డు తన్నుకుపోతుంది.

లేపాక్షి ఈ దారికి దగ్గరే. కొడికొండ దగ్గర హైవే దిగి వెళ్ళొచ్చు. మొదటి రోజు వెళ్ళేటప్పుడు చూసుకుంటే మూడో రోజు హడావుడి ఉండదు. తిమ్మమ్మ మర్రిమాను కూడా చూపించాలని ఉంటుంది మీకు. ప్రపంచంలోకెల్లా విశాలమైన మర్రి అని 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన చెట్టు. కానీ అది కదిరి అవతల, ఈ దారికి బాగా పక్కకి పోతుంది. దాన్ని ఇంకో రోజుకి ఉంచండి.

మూడో రాత్రి ఇంట్లో పడుకుంటారు కదా, నాలుగో రోజుకి రెండు దారులున్నాయి. ఇది పిల్లల స్వభావాన్ని బట్టి మీరే తేల్చుకోవాలి.

ఓపిక తక్కువ, పెద్ద జంతువు కచ్చితంగా కనబడాలి అంటే బళ్ళారి దాటి, హంపి వైపున్న దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం. 1994లో ఏర్పాటు చేశారు. మధ్యాహ్నం తర్వాతే లోపలికి వదులుతారు. అటవీ సిబ్బంది బండల మీద బెల్లం కలిపిన ముద్ద పూసి వెళ్తారు, ఎండ తగ్గగానే ఎలుగులు గుట్టల్లోంచి దిగి వచ్చి నాకుతాయి. మనం ఎదురుగా వాచ్ టవర్ మీద నుంచి చూస్తాం. తల్లి వీపు మీద పిల్లలు ఎక్కి రావడం కూడా కనబడుతుంది ఒక్కోసారి. కాస్త దూరం నుంచే కాబట్టి, కంటితో నల్లటి ముద్దలా కనబడేదాన్ని బైనాక్యులర్‌తో చూడాలి.

నేనైతే రోళ్లపాడు వెళ్ళమంటాను. పాత కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా మిడుతూరు మండలం. సుమారు 614 హెక్టార్ల గడ్డి మైదానం. 1988లో అభయారణ్యం చేశారు, అదీ బట్టమేక పక్షి కోసం. మీటరు ఎత్తు, పదిహేను కిలోల దాకా బరువు తూగే మగపక్షి, ఎగిరే పక్షుల్లో అత్యంత బరువైన వాటిలో ఒకటి. ఆడపక్షి మామూలుగా ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, అదీ నేల మీద. ఒకప్పుడు చుట్టుపక్కల మెట్ట పొలాల్లో కొర్ర, జొన్న, వేరుశెనగ ఉండేవి. పక్షులు అభయారణ్యంలో గుడ్లు పెట్టి, పొలాల్లో పురుగులూ మిడతలూ మేసేవి. తర్వాత నీళ్ళొచ్చాయి, పంటలు మారాయి, మందులు పెరిగాయి, కుక్కలు పెరిగాయి. ఇప్పుడు అక్కడ బట్టమేక కనబడటం దాదాపు ఆగిపోయింది. దేశం మొత్తం మీద మిగిలినవి నూట యాభై లోపే అని లెక్క, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లో. నీళ్ళు రావడం తప్పని నేను అనను, ఆ నీళ్ళ కోసం రైతులు ఎంత ఎదురు చూశారో మన సీమవాళ్ళకి వేరే చెప్పాలా. కానీ పక్షి ఊసు తలచుకున్నవాళ్ళు అప్పుడు చాలా తక్కువ. మీ పిల్లలకి ఈ కథ అక్కడే నిలబడి చెప్పండి, బట్టమేక కనబడుతుందని మాత్రం ఆశ పెట్టకండి.

కనబడేవి కృష్ణజింకలు. మన రాష్ట్ర జంతువు. మగదానికి మెలి తిరిగిన కొమ్ములు, వయసుతో నల్లబడే ఒళ్ళు, తెల్లటి పొట్ట. ఆడవాటికి కొమ్ములుండవు, లేత గోధుమ రంగు. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడుతుంటే మగజింక ముక్కు పైకెత్తి, కొమ్ములు వీపు మీదికి వాల్చి, ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తూ ఆడజింకల చుట్టూ తిరుగుతుంది. కళ్ళ కింద గ్రంథి తెరుచుకుని చీలికలా కనబడుతుంది. అదే ఏదైనా అలికిడికి బెదిరితే మొదట ఒకటి నిలువునా గాలిలోకి ఎగురుతుంది, దాని వెనక మంద మొత్తం. గంటకి ఎనభై కిలోమీటర్ల దాకా పరుగెత్తగలవు. ఇవే చేలల్లో పడి వేరుశెనగ, శనగ మేసి రైతుని ఏడిపిస్తాయి కూడా. దారిలో రైతు ఎవరైనా కనబడితే పిల్లల్ని ఆ మాట కూడా విననివ్వండి.

శీతాకాలంలో ఇంకో అందం హారియర్ గద్దలు. మధ్య ఆసియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి పగలంతా మిడతల కోసం పొలాల మీద తేలుతుంటాయి, పొద్దు గుంకే వేళకి గడ్డిలో గుంపుగా నేల మీదే పడుకోవడానికి దిగుతాయి. అందుకే ఇక్కడ సాయంత్రం ఒకసారి, తెల్లవారి ఒకసారి చూడగలిగితే మంచిది. నేల చదును, బండి దారి మీద నుంచే చాలా కనబడతాయి, నాన్నగారికి మెట్లు, ఎక్కుళ్ళు లేవు.

దీనికి ఒక చిక్కుంది. అనంతపురం నుంచి కర్నూలు, నందికొట్కూరు మీదుగా మూడున్నర గంటలకి తక్కువ పట్టదు, పొద్దున బయల్దేరితే జింకల వేళ దాటిపోతుంది. కాబట్టి ఇంకో పూట కలుపుకుని నాలుగో రోజు మధ్యాహ్నానికి చేరి, సాయంత్రం చూసి, కర్నూలులో పడుకుని, మర్నాడు చీకట్లోనే వెళ్ళండి. కర్నూలులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినిపించండి బావగారికి. అలా కుదరకపోతే నాలుగో రోజు సాయంత్రం ఒక్కటైనా చాలు. రోళ్లపాడుకి వెళ్ళే ముందు అటవీ శాఖ అనుమతి విషయం ఫోన్లో కనుక్కోండి.

నల్లమల గురించి ఎవరైనా చెప్తారు మీకు. ఆత్మకూరు దగ్గర బైర్లూటిలో అటవీ శాఖ జంగిల్ క్యాంపు, జీపు సఫారీ బాగుంటాయి. అడవి అడవిలా ఉంటుంది. కానీ పులి కనబడటం చాలా అరుదు, చిన్న పిల్లలకి ఆ ఎదురుచూపు కష్టం. రాత్రి తొమ్మిది తర్వాత ఆ దారిలో వాహనాలు వదలరు కూడా. దానికి వేరే ప్రయాణం పెట్టుకోండి.

కడప వైపు కలివికోడి చూడొచ్చా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. 1900 ప్రాంతం తర్వాత కనబడక అంతరించిందనుకున్న పక్షి 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది, దాని కోసమే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. రాత్రిపూట ముళ్ళపొదల మధ్య తిరిగే పక్షి. టార్చిలైట్లు వేసుకుని దాన్ని వెతకడం మన పని కాదు, దయచేసి ఆ ఆలోచన పెట్టుకోకండి.

సామాన్ల విషయం. జనవరి పొద్దున బీళ్ళలో చలి గట్టిగానే ఉంటుంది, స్వెటర్లు ఉండాలి. ఎరుపు, తెలుపు బట్టలు వద్దు, మట్టిరంగువి వేయండి. పూర్తిగా కప్పే బూట్లు తప్పనిసరి, గడ్డిలో పల్లేరు కాయలుంటాయి. ఇక బైనాక్యులర్: కొనేటట్టయితే 8x42 కొనండి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు కాబట్టి మసక వెలుతురులో కూడా బాగా కనబడుతుంది. ఎక్కువ రెట్లున్నది మంచిదని షాపువాళ్ళు 20x అంటగడతారు, చేతిలో వణికి ఏమీ కనబడదు. పిల్లలిద్దరికీ కలిపి ఒకటి చాలదు, కొట్టుకుంటారు. రెండోది బెంగళూరులో అద్దెకి దొరుకుతుంది, లేదా మీ స్నేహితుల్లో ఎవరినైనా అడగండి.